అయ్యగారు తన ఊసెత్తని ప్రసంగం

నా చిన్నప్పుడు ఒమన్‌లో జరిగిన సంగతి ఇది. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు పెట్టుకోవద్దని బైబిల్లోనే ఉంది కాబట్టి ఒట్టు పెట్టను గానీ, ఒట్టు గుమ్మం దాకా వెళ్ళి నిలబడి చెబుతున్నాను: నిజం, నిజం, మళ్ళీ నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు, ముఖ్యంగా రైసూత్‌లో నాతో రేవులో డ్యూటీ చేసేవాళ్ళు, ఈపాటికే నవ్వుతూ ఉంటారు. జలుబు చేసిన సొరచేపకి దగ్గుమందు పట్టించానని చెప్పింది నేనే, కాదనను. కానీ ఇది ఆ కోవలోది కాదు. ఇది నేను భయాన్ని దాచలేకపోయిన రోజు కథ.

మా అమ్మా, మా పెద్దమ్మా ఇద్దరూ నర్సులు. కృష్ణా జిల్లాలో కాలవల కింద పల్లె వాళ్ళది. మస్కట్ వచ్చాక బౌషర్‌లో ఒకే మేడలో మేం కింద వాటాలో, పెద్దమ్మ పై వాటాలో ఉండేవాళ్ళం. మా నాన్న ఒక కంపెనీలో బండి నడిపేవారు. శుక్రవారం సెలవు గనక ఆ రోజే ఆరాధన, ఆ రోజే బిర్యానీ, ఆ రోజే చాడీలు. ఇది తప్ప మాకు వేరే లోకం లేదు.

ఆ ఏడాది మన దేశం నుంచి ఒక పెద్ద ప్రసంగీకుడు వచ్చారు. పేరెందుకు, అందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం. మనిషి రాకముందే ఆయన క్యాసెట్లు వచ్చాయి. క్యాసెట్ అట్ట మీద అయ్యగారి మొహం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉండేది, వెనకాల ఎక్కడో మూలకి అగ్గిపుల్లంత సిలువ. ఆ క్యాసెట్లు మా నాన్నకి కంఠతా వచ్చు. వాటిలో గొప్పది ఉప్పెన కథ. సముద్రం ఊరి మీదికి వస్తుంటే అయ్యగారు గట్టు మీద నిలబడి చెయ్యెత్తారట. నీళ్ళు ఆయన పంచె అంచు తడిపి, అక్కడే ఆగి, వెనక్కి మళ్ళిపోయాయట. ఆ ముక్క దగ్గర మా నాన్న క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వినేవారు.

అయ్యగారు మా ఇంట్లోనే దిగారు. భారీ మనిషి, మంచి గొంతు. లోపలికి రాగానే హాలు మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని, "బ్రదర్, ఈ ఇంట్లో భయం ఉంది" అన్నారు. మా అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "భయమంటే ఏంటనుకున్నారు? అవిశ్వాసం. భయపడేవాడి ఇంటికి సాతాను చెప్పులైనా విప్పకుండా వచ్చేస్తాడు."

ఇంట్లో భయపడేది ఎవరో నాకు తెలుసు. ఏసీ మూలిగితే భయం, స్నానాలగదిలో గీజరు టకటకమంటే భయం, మేడ మెట్ల మీద లైటు పోతే భయం నాకే. అప్పటిదాకా ఉత్త భయమే ఉండేది. అయ్యగారి మాట విన్నాక, నేను భయపడుతున్నానేమోనన్న భయం దాని మీద ఇంకొకటి ఎక్కి కూర్చుంది. సాతాను చెప్పుల చప్పుడు నా మూలంగానే మా ఇంట్లో వినబడుతుందనుకున్నాను. ఆ వారమంతా ఎవరు చూసినా నవ్వుతూ కనబడ్డాను. నవ్వేవాడికి భయం లేదనుకుంటారని నా లెక్క. మా పెద్దమ్మ ఒక్కతే నా గడ్డం పట్టుకుని, "ఏంట్రా నాన్నా, పళ్ళు నొప్పా?" అని అడిగింది.

శుక్రవారం షినాస్ అనే ఊరికి ప్రయాణం. అక్కడ సముద్రం వైపు చేపల పని చేసేవాళ్ళూ, కొండల వైపు తోటల్లో పని చేసేవాళ్ళూ మన తెలుగువాళ్ళు కొంతమంది ఉండేవారు. అందులో ప్రభువుని నమ్మినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్ళు, తెలుగు మాట వినబడుతుందని, పాటలు బాగుంటాయని వచ్చి కూర్చునేవాళ్ళు. ఒక తోటలో, పనివాళ్ళ రూమ్‌లో ఆ సాయంత్రం ప్రార్థన కూడిక. అమ్మకి డ్యూటీ. నాన్న కంపెనీ బండి అడిగి తెచ్చారు. ముందు సీట్లో అయ్యగారు, వెనక నేనూ పెద్దమ్మా, ఆమె ఒళ్ళో పెద్ద గిన్నెడు కోడిపలావు.

దారి పొడుగునా అయ్యగారు తన పరిచర్య గురించి చెబుతూనే ఉన్నారు. ఆయన నీడ పడితే లేచి కూర్చున్న రోగి, ఆయన కలలో కనబడిన దేశాలు, ఆయన్ని ఆపాలని చూసి మంచానపడ్డ శత్రువు. నాన్న ప్రతి మాటకీ స్తోత్రం చెబుతూ స్టీరింగ్ మీద ఒక చెయ్యే ఉంచారు. పెద్దమ్మ కిటికీలోంచి ఖర్జూరపు చెట్లు చూస్తూ కూర్చుంది.

హైవే వదిలి తోటల వైపు మట్టిరోడ్డు ఎక్కాక వాదీ అడ్డం వచ్చింది. వాదీ అంటే కొండల్లోంచి దిగే ఏరు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఒట్టి రాళ్ళు పరిచిన పల్లమే, రోడ్డు అందులోకి దిగి అవతల ఎక్కుతుంది. ఆ రోజు రాళ్ళ మధ్య ఒక ఎర్రటి నీటి పాయ, నాలుక చాపినట్టు మెల్లగా ముందుకు పాకుతోంది. చీలమండ లోతు కూడా ఉండదు. నెత్తిన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కానీ దూరంగా కొండల మీద మాత్రం నలుపు కమ్ముకుంది.

ఇవతలి గట్టున ఒక ఒమానీ పెద్దాయన తన పికప్ ఆపుకుని, మేకల్ని గట్టెక్కిస్తున్నాడు. మమ్మల్ని చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపి, కొండల వైపు చూపించి, "మతర్, మతర్" అన్నాడు. వాన, వాన అని. వాదీలో వరద వస్తే ఎలా ఉంటుందో మా బడిలో పిల్లలు చెప్పుకునేవారు. అక్కడెక్కడో కొండల మీద పడ్డ వాన, ఇక్కడ ఎండలో నిలబడ్డవాణ్ణి కొట్టుకుపోతుందని. మన కోస్తావాళ్ళకి ఇది ఎక్కదు. మా వైపు నీళ్ళు చెప్పి వస్తాయి. ముందు మబ్బు పడుతుంది, రేడియో మొత్తుకుంటుంది, కాలవ నిండుతుంది, అప్పుడు గండి పడుతుంది. ఆకాశం నీలంగా ఉంటే నీటికి భయపడటమేంటని మా నాన్న నమ్మకం.

"ఈపాటి నీళ్ళకా? మా కాలవల్లో గేదెలు కూడా ఇంతకన్నా లోతుకి దిగుతాయి" అన్నారు నాన్న.

"అవతల ఆత్మలు ఎదురుచూస్తున్నాయి బ్రదర్" అన్నారు అయ్యగారు. "నా పరిచర్యలో ఇంతవరకు ఒక్క కూడికా ఆగలేదు. నేను లేకపోతే ఆ జనం ఏమైపోతారు? నేను దిగి చెయ్యెత్తుతాను, మీరు బండి దించండి."

నాన్న కళ్ళు మెరిశాయి. క్యాసెట్లో విన్నది కళ్ళారా చూడబోతున్నారు మరి. నా వంక తిరిగి, "చూస్తావుగా, నీ మనవలకి చెప్పుకోవచ్చు" అన్నారు. నవ్వుదామంటే దవడ కదల్లేదు. ఇద్దరూ బండి దిగి నీటి అంచుకి నడిచారు. ఆ కాసేపట్లో పెద్దమ్మ పలావు గిన్నె నా ఒళ్ళో పెట్టి, ముందు సీట్ల మధ్యలోంచి చెయ్యి చాపి, బండి తాళం తీసి కొంగున ముడేసుకుంది.

నాన్న తిరిగొచ్చి తడుముకున్నారు. "తాళం ఏదండీ వదినగారూ?"

"నా కొంగున ఉంది మరిదిగారూ."

"ఇటివ్వండి మరి."

"ఇస్తాను. చిన్న కోరిక. అయ్యగారు వచ్చినప్పటి నుంచి ఒక్క మీటింగూ తప్పలేదు నేను. ఆయన ఊరు తెలిసింది, ఆయన కలలు తెలిశాయి, ఆయన ఆపిన ఉప్పెనా తెలిసింది. యేసుప్రభువు సంగతే తెలీలేదు. ఇక్కడ నీడన కూర్చుని కాసేపు ఆయన గురించి చెప్పమనండి. మధ్యలో అయ్యగారి సంగతులు రాకూడదు. వస్తే మళ్ళీ మొదటికి. అయిపోగానే తాళం మీ చేతిలో పెడతాను."

"వదినగారూ! దైవజనుడితో పరాచికాలా?"

"పరాచికమెందుకవుతుందండీ? ప్రసంగీకుణ్ణి ప్రసంగమే కదా అడిగాను, పాట పాడుతూ గంతులెయ్యమన్నానా?"

అయ్యగారు పెద్దగా నవ్వారు. "అదెంత పని సిస్టర్" అని పికప్ నీడన ఒక రాయి మీద కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. "యేసుప్రభువు మంచి కాపరి. ఒకసారి నేను మా ఊరి పొలిమేరలో..."

"మొదటికండీ" అంది పెద్దమ్మ.

"సరే సరే. యేసుప్రభువు రోగుల్ని బాగుచేశాడు. ఈ చేతుల మీదుగా కూడా ఎంతమంది..."

"మొదటికి."

"ఆయన ప్రేమ గలవాడు. నాకు అన్నం లేని రోజుల్లో..."

"ఆ రోజులు మంగళవారం చెప్పారు కదండీ. మొదటికి."

ఒమానీ పెద్దాయనకి ముక్క అర్థం కాకపోయినా ఆట అర్థమైనట్టుంది. ఫ్లాస్కులోంచి ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, వంచి అందరికీ ఇచ్చి, తను కూడా ఒక రాయి మీద కూర్చున్నాడు. అయ్యగారు తడబడినప్పుడల్లా పెద్దమ్మ వంక చూసి, ఆమె ఏమంటుందా అని కనుబొమలెగరేసేవాడు. అయ్యగారి చొక్కా వీపున తడిసిపోయింది. ఎన్ని దారుల్లో బయల్దేరినా ఆయన తన ఇంటికే చేరుతున్నారు. చివరికి కోపమొచ్చింది.

"నన్ను పరీక్షిస్తున్నావా అమ్మా?"

"లేదయ్యగారూ." ఆ మాట పెద్దమ్మ చాలా మెత్తగా అంది. ఆస్పత్రిలో రోగితో మాట్లాడే గొంతు అది. "ఆయన్ని చూద్దామని మెడ సాచి సాచి చూస్తున్నాం. మీరు అడ్డం నిలబడ్డారు. కాస్త పక్కకి జరగమంటున్నాను, అంతే."

ఆయన మొహం ఎర్రబడింది. ఈలోగా నాన్నకి గుర్తొచ్చింది, రెండో తాళం డాష్‌బోర్డులో ఉందని. గబగబా వెళ్ళి తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, కిటికీలోంచి తల బయటికి పెట్టారు. "వదినగారి మాటలకేం గానీ అయ్యగారూ, మీరు చెయ్యెత్తండి. ఒరే, నువ్వు ముందు సీట్లోకి రా. మనం ముందు దాటుదాం."

నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. కదల్లేకపోయాను. బండి పొగ వాసన, దూరంగా కొండల మీద ఉరుము. నాన్న మళ్ళీ పిలిచారు, ఈసారి గట్టిగా. నోరు తెరిచాను. వారం రోజులు దాచిందంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నాకు భయమేస్తోంది నాన్నా!"

నాన్న పరువు పోయినట్టు చూశారు. "అయ్యగారు ఉండగా భయమేంట్రా? అడుగు ఆయన్నే. అయ్యగారూ, మీరే చెప్పండి వీడికి."

అందరం అయ్యగారి వంక చూశాం. ఆయన లేచి నిలబడ్డారు. చెయ్యి సగం లేచింది. ఆ చెయ్యి పూర్తిగా లేస్తే నాన్న బండి దించేస్తారు, నన్ను రెక్క పట్టి పక్కన కూర్చోబెట్టుకుని మరీ దించేస్తారు. అది నాకు తెలుసు, పెద్దమ్మకి తెలుసు, అయ్యగారికి అందరికన్నా బాగా తెలుసు. ఆయన నీళ్ళని చూశారు. నన్ను చూశారు. చెయ్యి దిగిపోయింది.

"ఇంజన్ ఆపండి బ్రదర్" అన్నారు. "నాకూ భయంగానే ఉంది."

ఇంజన్ ఆగింది. నాన్న మొహంలో ఏదో పగిలినట్టయింది. అయ్యగారు నా దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, ఆ రాయి మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. అప్పుడు, మైకులో వినే గొంతుతో కాకుండా, ఇంట్లో మనిషి గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు.

యేసుప్రభువుని పట్టుకుపోవడానికి ముందు ఆయన ఒక తోటలోకి వెళ్ళాడన్నారు. రాబోయేది ఆయనకి తెలుసు. గుండె బరువెక్కిపోయింది. నేల మీద పడి, ఇది తప్పించమని తండ్రిని బతిమాలుకున్నాడు. చెమట రక్తపు బొట్లలా కారింది. స్నేహితుల్ని పెద్ద సహాయమేమీ అడగలేదు, కాస్త దగ్గర్లో మెలకువగా కూర్చోమన్నాడు. వాళ్ళేమో నిద్రపోయారు. ఆయన లేచి వచ్చి చూశాడు, తిట్టి తరిమెయ్యలేదు, మళ్ళీ వెళ్ళి ప్రార్థించుకున్నాడు. చివరికి లేచి, తనని పట్టుకోవడానికి వచ్చేవాళ్ళకి ఎదురు వెళ్ళాడు.

"ఆయనక్కూడా భయమేసిందా?" అని అడిగాను.

"కలవరపడ్డాడు, వేదనపడ్డాడు అని రాసి ఉంది బాబూ. నీ చెయ్యి పట్టుకోగలిగేంత బాగా తెలుసు ఆయనకి భయం సంగతి."

పెద్దమ్మ ఈసారి "మొదటికి" అనలేదు. కళ్ళు తుడుచుకుని కొంగు ముడి విప్పి తాళం తీసి, ఆయన పక్కన రాయి మీద పెట్టింది. మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా అయ్యగారి ఊరు రాలేదు, కల రాలేదు, ఉప్పెన రాలేదు. నా గుండె దడ తగ్గలేదు, నిజం చెప్పాలి. కానీ ఆ వారంలో మొదటిసారి, దడ ఉన్నందుకు సిగ్గు పడలేదు.

అప్పుడొచ్చింది వరద. ముందు వందల లారీలు రాళ్ళు గుమ్మరించినట్టు మోత. మేకలన్నీ మా బండి టాప్ మీదికి ఎక్కేశాయి. మలుపులోంచి రెండు నిలువుల ఎర్రటి గోడ లేచి వచ్చింది. దాని మీద ఒక ఫ్రిజ్, తలుపు తెరుచుకుని, లోపల పెరుగు గిన్నె చెక్కుచెదరకుండా. దాని వెనకాల ఒక పరుపు, దాని మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఒంటె, పెళ్ళికూతురు పల్లకీలో వెళ్ళినట్టు తల వంచుకుని వెళ్ళిపోయింది. మా బండి దిగాల్సిన చోట ఇల్లంత బండరాయి దొర్లి నిలబడింది. నాన్న మోకాళ్ళ మీద కూలబడ్డారు. గంటకల్లా వరద వచ్చినంత వేగంగానే తీసేసింది.

ఎండ తగ్గాక అవతలికి దాటి తోటకి చేరాం. అయ్యగారు లేకపోతే ఆ జనం ఏమైపోతారని కదా బెంగ. వాళ్ళకేమీ కాలేదు. రూమ్‌లోంచి పాట వినబడుతోంది. చేపల పని చేసే ఒకాయన కూడబలుక్కుంటూ వాక్యం చదివాడట, ఇంకొకాయన ప్రార్థన చేశాడట. నిజామాబాద్ మనిషి ఒకతను పళ్ళెం మీద తాళం వేస్తున్నాడు. మమ్మల్ని చూసి అందరూ లేవబోయారు. అయ్యగారు వద్దని సైగ చేసి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన చాప మీద ఖాళీ ఉంటే అక్కడ కూర్చుని, వాళ్ళతో గొంతు కలిపారు. నిజామాబాద్ అతను నన్నడిగాడు, "ఎవలు బాబూ ఈ పెద్దమనిషి?" ఏం చెప్పాలో తోచక, మాతో వచ్చారన్నాను.

ఆయన ఆ రోజుతో మారిపోయారని మాత్రం చెప్పను. వెళ్ళేముందు మస్కట్‌లో ఆఖరి కూడికలో మళ్ళీ ఉప్పెన కథ ఎత్తుకున్నారు. గట్టు దాకా వచ్చి, చెయ్యి ఎత్తబోతూ ఆగి, ఆడవాళ్ళ వైపు చూసి పెద్దమ్మని వెతుక్కున్నారు. "సరే, మొదటికి వద్దాం" అన్నారు. ఎందుకన్నారో మా నలుగురికి తప్ప ఎవరికీ తెలీదు.

ఇప్పుడు రైసూత్‌లో మా రూమ్‌లో శుక్రవారం ప్రార్థన పెట్టుకుంటాం. నన్ను మాట్లాడమంటారు. నోరు తెరిస్తే నా ఘనత తన్నుకుని వచ్చే మనిషిని కదా, అందుకని వాక్యం దగ్గరికి వచ్చేసరికి పక్కకి జరుగు, పక్కకి జరుగు అని లోపల అనుకుంటూ ఉంటాను. కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా, ఇల్లు గుర్తొచ్చి, ఫోర్‌మన్ గుర్తొచ్చి భయమేస్తోందని చెబితే, విశ్వాసం లేదురా నీకు అనను. పక్కన కూర్చుంటాను. ప్రభువు వెళ్ళిన ఆ తోట సంగతి చెబుతాను. ఆ రోజు నుంచి నేను మోస్తున్నది అదే.

ఇక చెప్పాల్సింది ఒకటుంది. కొన్నేళ్ళ క్రితం మా పెద్దమ్మ ఎదుట, పదిమందిలో, ఈ కథ ఇలాగే చెప్పాను. ఫ్రిజ్ దగ్గర అందరూ నవ్వారు, బండరాయి దగ్గర స్తోత్రం అన్నారు. పెద్దమ్మ అంతా విని, వాళ్ళు వెళ్ళాక అడిగింది, "ఆ రోజు వరదెక్కడొచ్చిందిరా?"

రాలేదు. ఫ్రిజ్, పరుపు, ఒంటె, గోడలా లేచిన నీళ్ళు, అన్నీ నావే. కొండల మీద వాన ఎటో పోయింది. ఆ ఎర్రటి పాయ చీలమండ దాటకుండానే ఇసకలో ఇంకిపోయింది. నాన్న బండి దించి ఉంటే టైర్లు తడిసేవి, అంతే. ఆ సంగతి దారంతా నాన్న సణుగుతూనే ఉన్నారు. అయ్యగారిది పిరికితనమని ఇంటికొచ్చాక అమ్మతో కూడా అన్నారు. అయ్యగారు వింటూనే ఉన్నారు. భయంగా ఉందన్న తన మాట నిలబెట్టడానికి ఒక్క చుక్క నీరూ రాలేదు, అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"కథ రక్తి కట్టాలి కదా పెద్దమ్మా" అన్నాను.

"ప్రభువు చాలడట్రా నీకు?" అంది.